బాపు వండిన పరిశోధన

పరిశోధన అంటే గాజు గొట్టాలు, తెల్ల కోట్లు, నవ్వని మొహాలు అనుకునేవాళ్ళను తీసుకెళ్ళి మా ఇంటి గ్యారేజీ చూపించాలనిపిస్తుంది నాకు. వెల్లింగ్టన్ పక్క ఊరు లోవర్ హట్‌లో మా ఇల్లు. గ్యారేజీ అన్నది పేరుకే, అందులో కారు పట్టదు. అమ్మ బియ్యం సంచులు, మేం బాపు అని పిలిచే మా నాన్న పనిముట్లు, ఎప్పుడో కొని ఒక్కరోజూ తొక్కని ఎక్సర్‌సైజ్ సైకిలు, వీటన్నిటి వెనక ఒక పాత డీప్ ఫ్రీజర్. మా విద్యార్థుల సర్జరీ సొసైటీ చేసిన మొట్టమొదటి పరిశోధనను నేను ఆ ఫ్రీజర్‌లోనే భద్రంగా దాచాను. దాని కొంప మునిగిందీ అక్కడే.

అప్పుడు నేను వెల్లింగ్టన్‌లో మెడిసిన్ చదువుతున్నాను. హట్ నుంచి రోజూ రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. సర్జరీ మీద ఇష్టమున్న విద్యార్థులం కలిసి నడుపుకునే సొసైటీ మాది. సాయంత్రం పూట ఒక గదిలో చేరి, పై క్లాసువాళ్ళం కింది క్లాసువాళ్ళకు కుట్లు వేయడం, ముడులు బిగించడం నేర్పేవాళ్ళం. ఆ తర్వాత పిజ్జా తినేవాళ్ళం. పిజ్జా కోసమే వచ్చేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు, వాళ్ళ చేతికీ సూది ఇచ్చేవాళ్ళం. నేను సొసైటీ కార్యదర్శిని. అధ్యక్షురాలు నా స్నేహితురాలు, దక్షిణ దీవిలో గొర్రెల ఫారంలో పెరిగిన పిల్ల. దేనికీ కంగారు పడదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది.

ఒకసారి ఆస్పత్రిలో టీ దగ్గర, వైద్య విద్య వ్యవహారాలు చూసే ఒక పెద్ద డాక్టరుగారు మా సొసైటీ సంగతి విని, "మంచిదే, పిల్లలకు పిజ్జా తినడానికి ఒక చోటు ఉండాలి కదా" అన్నారు. ఆయన వెటకారంగా అన్నారో, మామూలుగానే అన్నారో నాకిప్పటికీ తెలియదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రైల్లో ఇంటికి వస్తూ దారంతా ఆయనకు చెప్పాల్సిన జవాబులు చెప్పుకున్నాను. పెటోన్ స్టేషన్ దాటేసరికి ఆయన ఓడిపోయి క్షమాపణ కూడా అడిగారు.

కోపం చల్లారాక ఒక మాట తట్టింది. మా సొసైటీ పుట్టినప్పటి నుంచీ వారం వారం నేర్పుతూనే ఉన్నాం. నేర్పాం, నేర్పాం అనుకోవడమే గానీ, వాళ్ళు నేర్చుకున్నారా అని ఎవరూ చూడలేదు. కాలేజీలో ఎవరైనా ఇలాంటిది పరీక్షించాలంటే విద్యార్థులను బతిమాలి పోగెయ్యాలి. మా దగ్గరికి వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మార్కులు లేవు, భయం లేదు, తప్పు చేస్తే తిట్టేవాళ్ళు లేరు. ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఎక్కడుంటుంది అని నా స్నేహితురాలితో అన్నాను. ఆమె ఆపిల్ కొరుకుతూ, "సరే, చేద్దాం" అంది.

మా ప్రశ్న చిన్నది. కుట్లు వేయడం ఎవరు నేర్పితే బాగా వస్తుంది? మాలాంటి విద్యార్థులు నేర్పితేనా, సర్జరీలో శిక్షణ పొందుతున్న డాక్టర్లు నేర్పితేనా? మాకు అండగా ఒక సర్జన్ నిలబడింది. పొడుగ్గా, బక్కగా ఉంటుందావిడ, అవసరమైనదానికన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. ఆస్పత్రిలో ఏటా ఒకరోజు వైద్య విద్య మీద పరిశోధన పత్రాలు చదువుతారు. డాక్టర్లు చదవాల్సిందే తప్ప అక్కడ విద్యార్థుల సొసైటీకి ఎప్పుడూ చోటు దొరకలేదు. ఆవిడ వెళ్ళి మా కోసం కొన్ని నిమిషాలు అడిగి తెచ్చింది. "చేయబోతున్నాం అని చెప్పడానికి కాదు, చేశాం అని చెప్పడానికి. ఫలితం లేకపోతే రావద్దు" అంది. ఆ నిమిషాలు ఇచ్చింది ఎవరనుకున్నారు, ఆ పిజ్జా డాక్టరుగారే. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

మామూలుగా కుట్లు నేర్చుకోవడానికి పంది కాళ్ళు వాడతారు. మనిషి చర్మానికి దగ్గరగా ఉంటాయని, చవకగా దొరుకుతాయని. కానీ మా సొసైటీలో పందిని ముట్టుకోని వాళ్ళు కొందరుండేవాళ్ళు. వాళ్ళు ప్రతిసారీ ఒక పక్కన నిలబడి స్పాంజి ముక్క మీద కుట్టుకునేవాళ్ళు. పరిశోధనలో అందరూ ఒకే దాని మీద కుట్టాలి. మరేం వాడదాం అని నా స్నేహితురాలు అడిగితే నేను ఠక్కున, "మేక కాళ్ళు" అన్నాను. తోలుతో సహా కాల్చి శుభ్రం చేసిన మేక కాళ్ళు ఎక్కడ దొరుకుతాయో నాకన్నా బాగా ఆ ఊళ్ళో ఒక్కరికే తెలుసు. ఆయన మా బాపు.

మాది వరంగల్. బాపు అక్కడ ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఇక్కడికొచ్చి లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరాడు. ఇంట్లో ఆదివారం వంట ఆయనది. అందులోనూ పాయా ఆయన సొత్తు. మేక కాళ్ళను అల్లం, వెల్లుల్లి, మిరియాలతో గంటలకొద్దీ ఉడికించి పులుసు తీస్తాడు. జలుబు చేసినా పాయానే, పరీక్ష పాసైనా పాయానే, పరీక్ష పోయినా పాయానే. కానీ వారంలో మిగతా రోజులు పనికి మాత్రం శాండ్‌విచ్ పట్టుకెళ్తాడు. చేరిన కొత్తలో ఒకసారి కోడికూర తీసుకెళ్ళి టీ గదిలో వేడి చేసుకున్నాడట. ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన లేచి కిటికీ మాత్రం తెరిచాడట. బయట ఎముకలు కొరికే వెల్లింగ్టన్ గాలి. ఆ మర్నాటి నుంచి బ్రెడ్డు, చీజు, టమాటా ముక్క. ఈ సంగతి బాపు నవ్వుతూనే చెప్పేవాడు. అమ్మ నవ్వేది కాదు.

మేక కాళ్ళు కావాలి, చాలా కావాలి అనగానే బాపు మొహం వెలిగిపోయింది. హలాల్ మాంసం కొట్టుకు నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. కొట్టాయన ఆ లెక్క విని, "ఇంట్లో పెళ్ళా?" అన్నాడు.

"పెళ్లి గాదు. మా బిడ్డ కాలేజిల వాటికి కుట్లేస్తరంట" అన్నాడు బాపు.

కొట్టాయన కత్తి పక్కన పెట్టి నావైపు ఒకసారి జాలిగా చూశాడు. బాపు మాత్రం ఒక్కొక్క కాలూ ఎత్తి, తిప్పి చూసి, పెళ్లిచూపులకు వచ్చినట్టు ఎంచాడు. కారులో ఇంటికి వస్తుంటే, "మిగిల్తే పారేయకున్రి బిడ్డా, ఇంటికి పట్టుకరా" అన్నాడు. సరే అన్నాను. ఆ 'సరే' తర్వాత నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

వర్క్‌షాపు బ్రహ్మాండంగా జరిగింది. సగం మందికి మేం నేర్పాం, సగం మందికి శిక్షణలో ఉన్న డాక్టర్లు నేర్పారు. ఎప్పుడూ స్పాంజి దగ్గర నిలబడే పిల్లలు ఆ రోజు అందరితోపాటు బల్ల దగ్గర కూర్చున్నారు. నా బల్ల దగ్గర ఒక అమ్మాయి ఉండేది. సూది పట్టుకుంటే చేతులు వణికేవి. వణకడం కన్నా, వణుకుతున్నాయని అందరూ చూస్తారేమో అన్న భయం ఎక్కువ. "నీ చేతులను ఎవరూ చూడట్లేదు, నేను తప్ప. నాకు అంతకన్నా పనేం లేదు" అన్నాను. ముడి బిగించాక ఇంకో చుట్టు అదనంగా వేసే అలవాటు నాది. అవసరమా అని అందరూ వెక్కిరిస్తారు. ఆ అమ్మాయికి కూడా అదే నేర్పాను. చివరికి తన కుట్టు చూసుకుని ఆ పిల్ల నవ్విన నవ్వు చూస్తే నాకు కడుపు నిండిపోయింది. ఆ రోజు పిజ్జా మీద ఎవరికీ ధ్యాస లేదు.

ఇక మిగిలింది కుట్ల నాణ్యత తేల్చడం. అది మా సర్జన్ చేయాలి. పట్టి చూడాలి, లాగి చూడాలి, ముడి జారుతోందా లేదా అని వేలితో తేల్చుకోవాలి. ఫోటోలు చూసి చెప్పలేను అని ఆవిడ ముందే అంది. ఏ కాలు ఎవరు కుట్టారో, వాళ్ళకు ఎవరు నేర్పారో ఆవిడకు తెలియకూడదు. తెలిస్తే తెలియకుండానే మొగ్గు చూపవచ్చు. అందుకని ఒక్కో కాలును ఒక్కో ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పైన ఒక అక్షరం, ఒక అంకె రాశాం. ఇంకే వివరమూ లేదు. అంత కట్టుదిట్టంగా దాచామన్నమాట. ఎంత కట్టుదిట్టమంటే, ఇది పరిశోధన అన్న సంగతి కూడా దాచేశాం.

ఆవిడ అప్పుడే సెలవు పెట్టి కొండలెక్కడానికి వెళ్తోంది. తిరిగొచ్చేదాకా కాళ్ళు ఎక్కడైనా దాచాలి. కాలేజీ ఫ్రిజ్‌లో మాంసం పెట్టనివ్వరు. నా స్నేహితురాలు ఉండే ఫ్లాట్‌లో ఫ్రీజర్ ఐస్‌క్రీమ్ డబ్బాకే సరిపోతుంది. మా గ్యారేజీ ఉందిగా అన్నాను. ఇక్కడివాళ్ళు చేపలకు వాడే ఐస్ డబ్బా, ఒక పెద్ద చిల్లీ బిన్‌లో మంచు గడ్డల మధ్య సంచులన్నీ సర్ది, దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని రైలెక్కాను. ఎదురు సీట్లో ఒక ముసలాయన డబ్బాను చూసి, "బాగా పడ్డాయా?" అన్నాడు, చేపలనుకుని. "పర్లేదు, బాగానే పడ్డాయి" అన్నాను. ఆయన సంతోషంగా తలూపి కిటికీలోంచి సముద్రం చూశాడు.

ఇంటికి వచ్చి డబ్బాలోవన్నీ గ్యారేజీ ఫ్రీజర్‌లో సర్దాను. బాపు టీవీ చూస్తూ, "తెచ్చినవా బిడ్డా?" అన్నాడు. "తెచ్చిన, ఫ్రీజర్‌ల పెట్టిన" అని పడుకున్నాను. అప్పటికే గొంతు నొప్పి మొదలైంది. రెండు రోజుల్లో ముక్కు, గొంతు, ఛాతీ అన్నీ పట్టేశాయి.

ఆదివారం మధ్యాహ్నం నా గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటే తలుపు కింద నుంచి వాసన వచ్చింది. ముక్కు దిబ్బడ వేసి నాలుగు రోజులైంది, అయినా ఆ వాసన ఎలాగో దూరింది. మిరియాలు, అల్లం, ఎముకల్లోంచి దిగిన ఆ కమ్మదనం. ప్రాణం లేచొచ్చింది. మా బాపు లాంటి బాపు ఎవరికుంటాడు అనుకుంటూ దుప్పటి భుజాల మీద వేసుకుని వంటింట్లోకి వచ్చాను.

కుక్కరు మూత తీసి ఉంది. అమ్మ గరిటెతో ఇంత అరచేతిలో పోసుకుని నాకి చూస్తోంది. బాపు నడుముకు తువ్వాలు చుట్టుకుని కొత్తిమీర తరుగుతున్నాడు. సింకు పక్కన ఖాళీ ప్లాస్టిక్ సంచులు చక్కగా కుప్ప పోసి ఉన్నాయి. పై సంచి మీద నా చేతిరాత. ఒక అక్షరం, ఒక అంకె.

కింద సంచి తీశాను. దాని మీదా నా రాతే. దాని కిందా నా రాతే.

"బాపూ, ఇవి ఏడికెల్లి తీసినవ్?"

"ఫ్రీజర్‌లకెల్లి. నువ్వే తెస్తివి గద, మిగిలినయని."

"మిగిలినయి కావు బాపూ. అవే. కుట్టినవి అవే."

బాపు కత్తి ఆపాడు. నేను కుక్కరులోకి తొంగి చూశాను. పసుపు పచ్చని పులుసులో, కొత్తిమీర కాడ పక్కనే, నీలం రంగు దారం ఒకటి తేలుతోంది.

"దారాలు కనవడలేదా నీకు?" నా గొంతు ఇంటి పైకప్పు లేపేసింది. జలుబు గొంతు కాబట్టి మధ్యలో కీచుమంది, అది వేరే సంగతి.

"కనవడ్డయి బిడ్డా" అన్నాడు బాపు మెల్లగా. "ఈడోళ్ళు మాంసాన్ని దారంతోని కట్టే అమ్ముతరు గద. సూపర్‌మార్కెట్ల సూస్తం గద. కొట్టాయన గూడ ఈడి పద్ధతి నేర్సిండనుకున్న. ఉడికినంక తీసేద్దామనుకున్న."

నిజానికి అందులో తప్పేం లేదు. ఈ దేశంలో ఓవెన్లో కాల్చుకోవడానికి అమ్మే గొర్రె తొడను దారంతో గట్టిగా చుట్టే అమ్ముతారు. బాపు ఈ దేశాన్ని జాగ్రత్తగా గమనించి, నేర్చుకుని, నేర్చుకున్నదాన్ని సరిగ్గా తప్పు చోట వాడాడు. కానీ ఆ క్షణంలో నాకు అంత న్యాయం తోచలేదు. ఇన్ని వారాల పని, ఆ సర్జన్ మాట, పిజ్జా డాక్టరుగారి మొహం, ఆ అమ్మాయి వణికే చేతులు, అన్నీ కుక్కరులో ఉడికిపోయాయని ఏడుపు, అరుపు కలిపి ఏదేదో అన్నాను. ఫలితం లేకపోతే రావద్దని ఆవిడ అన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది.

బాపు స్టవ్ ఆపేశాడు. చివరికి అమ్మ, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఉప్పయితే సరిపోయింది" అంది.

నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. అవతల ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు. ఏడుస్తోందనుకున్నాను. తీరా చూస్తే నవ్వుతోంది. నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పెట్టింది. నాకు కోపం నషాళానికి అంటింది. ఫోను పెట్టేసేలోపు ఆమె ఎక్కిళ్ళ మధ్య ఒక మాట అడిగింది. "ముడులు ఆగాయా?"

"ఏంటి?"

"ప్రెషర్ కుక్కరు కదా. ముడులు ఆగాయా, ఊడిపోయాయా?"

గొర్రెల మధ్య పెరిగినవాళ్ళకు ఎక్కడి నుంచి వస్తుందో ఆ తాపీ. ఈలోగా బాపు, ఆమె మాట స్పీకరులో విన్నాడేమో, కళ్ళజోడు పెట్టుకుని పట్టకారుతో ఒక్కొక్క కాలూ తీసి స్టీలు పళ్ళెంలో వరసగా పెట్టడం మొదలెట్టాడు. తోలు మెత్తబడి విడిపోయింది. కొన్ని దారాలు విప్పుకుని పులుసులో ఈదుతున్నాయి. కొన్ని ముడులు మాత్రం, అన్ని కూతలు వచ్చాక కూడా, వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"ఇగో, గీ ముడి సూడు బిడ్డా. ఎవరేసిన్రోగని, మా లిఫ్టు తాళ్లకు ఏపిచ్చుకోవచ్చు" అన్నాడు.

చూశాను. ముడి మీద ఇంకో చుట్టు అదనంగా ఉంది. అది నా బల్ల దగ్గరి కుట్టే. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. నవ్వుతూ దగ్గొచ్చింది. అమ్మ వీపు మీద తట్టింది. కోత గీతలు గీయడానికి వాడిన ఇంకు, కుట్ల దారాలు ఉన్న ఆ పులుసును ఎవరమూ తాగలేం కాబట్టి మొత్తం పారబోశాం. బాపు ఆ పని తనే చేశాడు. నాకు మిరియాల చారు పెట్టాడు. ఆ తర్వాతి ఆదివారం పాయా చేయలేదు, దాని తర్వాతి ఆదివారమూ చేయలేదు. పప్పు వండాడు. పప్పు కూడా భయం భయంగా వండాడు.

సర్జన్ కొండ దిగి వచ్చాక ఇద్దరం వెళ్ళి ఎదురుగా నిలబడ్డాం. దారిలో నా స్నేహితురాలు, "నిల్వ చేయడంలో లోపం అని చెబుదామా" అంది. అబద్ధం కాదు కదా అని కూడా అంది. నాకూ అదే బాగుందనిపించింది. కానీ ఆవిడ ఎదురుగా నిలబడేసరికి నోట్లోంచి మొత్తం నిజమే వచ్చింది, నీలం దారంతో సహా. ఆవిడ విన్నంతసేపూ మొహంలో ఏమీ కనిపించలేదు. ఫోనులో స్టీలు పళ్ళెం ఫోటో చూపించాను. దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"దీన్ని లెక్కలోకి తీసుకోలేం" అంది.

"తెలుసు" అన్నాను.

"కానీ ఈ ముడి వేసినవాళ్ళను ఒకసారి నా ఆపరేషన్ థియేటర్‌కు పంపించు." ఆ తర్వాత ఆవిడ నాకు తెలిసినంతలో అతి పొడుగైన మాట మాట్లాడింది. "నిజానికి మీ ప్రశ్న నాకు ముందు నుంచీ నచ్చలేదు. నేర్పిన రోజు ఎవరైనా కుడతారు. అది నేర్చుకోవడం కాదు, అనుకరించడం. వాళ్ళందరినీ ఇప్పుడు కాదు, ఇంకొన్ని వారాలు పోయాక పిలవండి. ఎవరికి ఎంత గుర్తుందో చూడండి. అది తెలుసుకోవాల్సిన విషయం. మారుస్తున్నామని, పరిశోధనకు అనుమతి ఇచ్చిన కమిటీకి రాయండి. ఎందుకు మారుస్తున్నారో, ఏం జరిగిందో అదే రాయండి. అందంగా రాయొద్దు."

రాశాం. పరిశోధకురాలి తండ్రి, సదుద్దేశంతో, నమూనాలను వండారు అని రాశాం. కమిటీ తరఫున సంతకం పెట్టాల్సింది పిజ్జా డాక్టరుగారే. ఆయన చదువుతుంటే నేను గోడ మీద గడియారం చూస్తూ నిలబడ్డాను. ఆయన కనుబొమలు ఒకసారి పైకి లేచి, కిందికి దిగాయి. సంతకం పెట్టి కాగితం ఇచ్చారు.

ఇక అసలు భయం వేరే. పిల్లలు మళ్ళీ వస్తారా? పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పిజ్జా ఉంటుందని చెప్పినా రాని రోజులవి. సగం మందైనా రాకపోతే పరిశోధన లేదు, ఆ రోజు వేదికా లేదు. అనుకున్న సాయంత్రం ఖాళీ గదిలో బల్లలు సర్దుకుంటూ ఇద్దరం తలుపు వైపే చూస్తున్నాం. మొదట వచ్చింది నా బల్ల అమ్మాయి. ఆ తర్వాత ఇద్దరు, ఆ తర్వాత గుంపుగా వచ్చారు. కథ కాలేజీ అంతా పాకిపోయిందట. ఒకడు చేతిలో గిన్నె, చెంచా పట్టుకుని వచ్చి, "ఈ దేశంలో పిలిస్తే ఉత్త చేతులతో రాకూడదు కదా" అన్నాడు. నేను వాణ్ణి కొట్టబోయి నవ్వేశాను. ఆ రోజు కాళ్ళు కొని తెచ్చింది బాపే. తనే కారులో తెచ్చి గది దాకా మోశాడు. ప్రతి సంచి మీదా మార్కర్‌తో పెద్ద అక్షరాలతో 'తినొద్దు' అని రాశాడు, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. అవసరమైతే తనే మళ్ళీ చదువుకోవడానికేమో.

సర్జన్ ఈసారి అక్కడే కూర్చుని, ఎవరిది ఏదో తెలియకుండా, ఒక్కొక్కటీ లాగి చూసి మార్కులు వేసింది. ఒక్క కాలు కూడా హట్ దాకా ప్రయాణం చేయలేదు.

పరిశోధన రోజున బాపు సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు. టై కట్టుకుని, చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. నేను వేదిక ఎక్కేసరికి కాళ్ళు నావి నాకు లేవు. మేకలవి కూడా లేవు. మొదటి రెండు వాక్యాలు ఎలా చెప్పానో తెలియదు. మూడో స్లైడులో మొదటి నమూనాలు ఏమయ్యాయో ఉంది. చదివాను. హాలు ఒక్కసారిగా గొల్లుమంది. ఆ నవ్వుతో నా భయం ఎటు పోయిందో పోయింది. మిగతాదంతా అమ్మతో కూర్చుని చెప్పినట్టు చెప్పాను. విద్యార్థుల దగ్గర నేర్చుకున్నవాళ్ళూ, డాక్టర్ల దగ్గర నేర్చుకున్నవాళ్ళూ కొంత మరిచిపోయారు, కొంత గుర్తుపెట్టుకున్నారు, రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. మాది చిన్న గుంపు కాబట్టి దీన్ని బట్టి పెద్ద మాటలు చెప్పకూడదు. అయితే మేం నేర్పిన పిల్లలు ఈ మధ్యకాలంలో వరండాల్లో, కాంటీన్‌లో మమ్మల్ని పట్టుకుని, ముడి మరిచిపోయాను మళ్ళీ చూపించు అని అడిగారు. డాక్టర్లను అలా అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. వచ్చే ఏడు చూడాల్సింది ఆ అడగడం గురించేనేమో అని ముగించాను. చప్పట్లు కొట్టారు. నా బల్ల అమ్మాయి అందరికన్నా గట్టిగా కొట్టింది, రెండు చేతులూ స్థిరంగా.

ప్రశ్నలున్నాయా అన్నారు. పిజ్జా డాక్టరుగారు చెయ్యి ఎత్తారు.

"ఆ మొదటి నమూనాలు. రుచి ఎలా ఉంది?"

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. బాపు లేచి నిలబడ్డాడు. టై సర్దుకున్నాడు. తన ఇంగ్లీషులో, ఏ తొందరా లేకుండా, "తిననివ్వలేదండీ. నా భార్య ఉప్పు మాత్రం చూసింది. ఉప్పు సరిపోయింది" అన్నాడు.

ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఎలా చేస్తారు అని ఎవరో అడిగారు. బాపు చెప్పాడు. అల్లం ఎంత దంచాలో రెండు వేళ్ళతో, మంట ఎంత చిన్నగా ఉండాలో అరచేత్తో చూపించాడు. మిరియాలా, మిరపకాయలా అని ఇంకొకరు అడిగారు. ఎముకలకు నిజంగా మంచిదా అని ఎముకల డాక్టరే అడిగాడు. నాకు ఇచ్చిన నిమిషాలన్నీ అలా పాయాకు పోయాయి. నన్ను ఒక్కరంటే ఒక్కరు ఒక్క ప్రశ్న అడగలేదు. ఇన్నాళ్ళూ రాత్రింబవళ్ళు తయారుచేసుకున్న జవాబులు కడుపులోనే ఉండిపోయాయి. నేను వేదిక మీద మైకు పట్టుకుని మా బాపును చూస్తూ నిలబడ్డాను. అంత సంతోషం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

టీ దగ్గర పిజ్జా డాక్టరుగారు వచ్చి, "మీ సొసైటీకి వచ్చే ఏడు కూడా చోటు ఉంచుతాను. ఆ అడగడం సంగతి చూసి రండి" అన్నారు. రైల్లో ఒకప్పుడు ఆయనకు చెప్పిన జవాబులన్నీ గుర్తొచ్చాయి. థాంక్యూ అని మాత్రం అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బాపు నేను రైల్లో పక్కపక్కన కూర్చున్నాం. ఆయన టై విప్పి చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సముద్రం వైపు చూస్తూ, "ఇన్నేండ్లల్ల నా వంట గురించి ఇంగ్లీషుల ఎవ్వరు అడగలే బిడ్డా" అన్నాడు.

ఆ ఆదివారం మా ఇంట్లో మళ్ళీ పాయా ఉడికింది. సోమవారం పొద్దున అమ్మ అలవాటు కొద్దీ బ్రెడ్డు తీస్తే బాపు వద్దన్నాడు. స్టీలు డబ్బాలో పాయా నింపుకుని, మూత బిగించి, ఒకసారి బోర్లించి చూసుకుని పనికి పోయాడు. అమ్మ నావైపు చూసింది, నేను అమ్మవైపు చూశాను. ఆ రోజు క్లాసులో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

సాయంత్రం బాపు రాగానే డబ్బా అందుకున్నాను. తేలిగ్గా ఉంది. అయినా ఆగలేక అడిగాను.

"ఆ కిటికీ ఆయన ఉన్నడా? మళ్ళ తెరిచిండా?"

"తెరిచిండు బిడ్డా" అన్నాడు బాపు, బూట్లు విప్పుకుంటూ. "తెరిచి, గిన్నె పట్టుకొని వచ్చి నా పక్కన కూసున్నడు."